పాత డబుల్ బ్యారెల్ మీద నగిషీ అసలుదేనా? గాడి అడుగున దొరికే జవాబు

మా పెదనాన్నగారింట్లో లైసెన్సున్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఒకటి ఉంది. ఏడాదికోసారి, దసరాకి, పెట్టెలోంచి బయటికి వచ్చేది. ఆయుధపూజ రోజు పొద్దున చాప మీద పెట్టి, మెత్తటి గుడ్డకి ఇత్తడి పాలిష్ అద్ది, గొట్టాల వెనకున్న ఉక్కు భాగాన్ని తళతళలాడేదాకా రుద్దేవారు. ఆ తర్వాత గంధం, కుంకుమ బొట్టు. ఆ ఉక్కు మీద సన్నటి తీగలు, చిన్న చిన్న పూలు చెక్కి ఉంటాయి. చిన్నప్పుడు మాకు అవంటే ఎంతో ఇష్టం, వేలితో తడిమి తడిమి చూసేవాళ్లం. చాలా ఏళ్ల తర్వాత, పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్‌తో చూస్తే ఒక పువ్వు గాడిలో ఎండిపోయిన కుంకుమ ఇంకా ఉంది. దాని పక్కనే, గుడ్డ బాగా తగిలిన చోట, పూరేకుల మీది సన్న గీతలు పూర్తిగా చెరిగిపోయాయి.

"ఇది కంపెనీలో చెక్కిందేనా, మన దగ్గరికి వచ్చాక ఎవరితోనైనా చెక్కించారా?" అని అన్నయ్య అడిగాడు. ఈ ప్రశ్న ఒక్క మా ఇంటిది కాదు. ఇంగ్లండ్‌లో, అమెరికాలో పాత డబుల్ బ్యారెల్ తుపాకులు కొనేవాళ్లంతా ముందుగా తేల్చుకోవాలనుకునేది ఇదే. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒకే సైజు తుపాకులు రెండు ఉంటే, నగిషీ ఎక్కువున్న దాని ధర మామూలు దానికి ఎన్నో రెట్లుంటుంది. అందుకే మామూలు తుపాకీ కొని, దాని మీద కుక్కల్నీ పిట్టల్నీ చెక్కించి, పై రకంగా అమ్మేవాళ్లు ఎప్పటి నుంచో ఉన్నారు.

మొదట అందరం చేసే పొరపాటు, పనితనం చూసి తీర్పు చెప్పడం. పని బాగుంటే అసలుది, నాసిగా ఉంటే నకిలీ అనుకుంటాం. ఇది ఏమాత్రం నమ్మదగ్గ కొలత కాదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో చవక రకం తుపాకుల మీద గబగబా నాలుగు తీగలు గీసి పంపేసేవారు. ఆ వంకర గీతలు నూటికి నూరుపాళ్లు అసలువి. మరోవైపు 20వ శతాబ్దం రెండో సగంలో పనిచేసిన కొందరు నగిషీకారులు పాతవాళ్లని మించిన నేర్పరులు. వాళ్లు చెక్కింది చూస్తే కళ్లు చెదురుతాయి. అయినా 1910 నాటి తుపాకీ మీద అది అసలుది కాదు.

నమ్మాల్సింది వరసని. ఏ పని ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది లోహంలో అచ్చుపడి ఉంటుంది.

కంపెనీలో ఆ వరస ఎలా ఉండేదో చూద్దాం. గొట్టాలు, చెక్క కలిసే చోట ఉండే ఉక్కు దిమ్మెని యాక్షన్ అంటారు. గుండు పేల్చే యంత్రాంగం ఆ దిమ్మె లోపలే ఇమిడి ఉంటే బాక్స్‌లాక్. 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీలో పనిచేసే ఆన్సన్, డీలీ పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. యంత్రాంగాన్ని రెండు పక్కలా విడి పలకలకు బిగిస్తే సైడ్‌లాక్. ఏ రకమైనా, ఆకురాయితో ఆకారం తెచ్చి, భాగాలన్నీ ఒకదాన్లో ఒకటి అమర్చి, మరలు బిగించాకే నగిషీకారుడి బల్ల మీదికి వచ్చేది. అప్పటికి ఉక్కు ఇంకా మెత్తనే. కంసాలి చేతిలో చీరణం లాంటి సన్నటి పనిముట్టుతో, చేత్తో నెడుతూనో చిన్న సుత్తితో తడుతూనో చెక్కేవాడు. బిగించిన మర తల మీదుగా కూడా తీగ సాగిపోయేది.

ఆ తర్వాతే గట్టిపరచడం. మరలన్నీ విప్పి, యాక్షన్‌నీ పలకల్నీ ఒక ఇనుప పెట్టెలో ఎముకల బొగ్గు, కట్టెల బొగ్గు కలిపిన పొడిలో పూడ్చి, ఎర్రగా కాలేదాకా కొలిమిలో ఉంచేవారు. గంటల తరబడి ఆ వేడిలో ఉంటే బొగ్గులోని కార్బన్ ఉక్కు పైపొరలోకి ఇంకుతుంది. ఆపైన పెట్టెని తిరగేసి అన్నిటినీ ఒక్కసారిగా చన్నీళ్లలోకి వదిలేస్తారు. పైపొర గాజంత గట్టిపడుతుంది, లోపల మాత్రం దెబ్బకి పగలని మెత్తదనం మిగులుతుంది. ఇలా గట్టిపడ్డ పొర మందం మిల్లీమీటరులో కొద్ది భాగమే. దాంతో పాటే ఉపరితలం మీద నీలం, ఊదా, గోధుమ, ఎండుగడ్డి రంగులు మబ్బులు కమ్మినట్టు కలగలిసి వస్తాయి. ఎవరూ పూసిన రంగు కాదది, ఉక్కు మీద ఏర్పడ్డ అతి పలచని ఆక్సైడ్ పొర. ఎండకి వెలుస్తుంది, చెయ్యి తగిలి తగిలి చెరుగుతుంది. దాని రక్షణకి పైన పలచగా వార్నిష్ పూసేవారు. మరలకీ, ట్రిగ్గర్ గార్డ్‌కీ విడిగా నీలం పట్టించేవారు.

అంటే అసలు వరస: చెక్కడం, గట్టిపరచడం, రంగు, ఆపైన వాడకంలో వచ్చే అరుగుదల. తర్వాత చెక్కేవాడికి ఈ వరస కుదరదు. అతని ముందున్న ఉక్కు అప్పటికే గట్టిపడి ఉంది, మామూలు పనిముట్టు దాని మీద జారిపోతుంది. అతనికున్న దారులు రెండే. కార్బైడ్ మొన ఉన్న పనిముట్టుతోనో లేజర్‌తోనో పైపొరని చీల్చుకుంటూ పోవాలి. లేదంటే ఉక్కుని కాల్చి నెమ్మదిగా చల్లార్చి మెత్తబరిచి, చెక్కి, మళ్లీ గట్టిపరచాలి. రెండు దారుల్లోనూ ఆనవాలు మిగులుతుంది.

ఇక లూప్ తీసుకోండి. కిటికీ దగ్గర, పక్క నుంచి పడే పగటి వెలుగులో తుపాకీని కొద్దికొద్దిగా వంచుతూ ఒక్క గాడి అడుగుకి మాత్రమే చూడండి. పైన రంగు చెరిగిపోయి బూడిద రంగు తేలినా, గాడి లోపల నీలమో గోధుమో మిగిలి ఉంటే అది మంచి సూచన. చెక్కిన తర్వాతే రంగు వచ్చింది, ఆ తర్వాత పైభాగం అరిగింది. ఒక్కోసారి రంగు బదులు నల్లబడి గట్టిపడ్డ పాత నూనె మురికి ఉంటుంది. అదీ మంచిదే. దీనికి పూర్తిగా తిరగబడి, చుట్టూ పాత రంగు ఉండి గాడి అడుగున మాత్రం తెల్లటి ఉక్కు మెరుస్తుంటే, ఆ గీత రంగుని కోసుకుంటూ వెళ్లింది. రంగు కన్నా చిన్న వయసుది. మూడో రకం ఒకటుంది, పైనా గాడిలోనూ రంగు ఒకే తీరుగా, నిన్న వేసినంత కొత్తగా ఉండటం. వందేళ్ల వస్తువు మీద అలా ఉంటే మళ్లీ రంగు తెప్పించారనే అనుమానించాలి. దాంతో పాటు కొత్తగా చెక్కారా, లేక రంగు ఒక్కటే తెప్పించారా అన్నది మిగతా సాక్ష్యాలు చెప్పాలి.

గాడి ఆకారం కూడా చూడండి. చేత్తో చెక్కిన గీత సన్నగా మొదలై, మధ్యలో లావై, చివర మళ్లీ సన్నబడుతుంది. అడుగు కోసుగా ఉంటుంది. యాసిడ్‌తో తినిపించిన గీతకి అడుగు చదునుగా, గరుకుగా ఉంటుంది. లేజర్ గీత అంచుల్లో మెట్లు మెట్లుగా, కాలిన నలుపుతో కనిపిస్తుంది. అచ్చు గుద్దితే లోతు అంతటా ఒక్కటే. చవక తుపాకుల మీద అచ్చు నగిషీ కంపెనీలోనే వేసేవారు, కాబట్టి అచ్చు కనబడగానే నకిలీ అనేయకూడదు. అయితే పై రకమని అమ్ముతున్న తుపాకీ మీద అచ్చు గీత ఉంటే మాత్రం అక్కడే ఆగిపోవాలి.

రంగుల దగ్గర ఇంకో చిక్కు. గ్యాస్ మంటతో పైపైన వేడి చేసి రంగులు రప్పించేవాళ్లున్నారు. ఆ రంగు మబ్బుల్లా రాదు, మంట నడిచిన దారి వెంట పట్టీలు పట్టీలుగా వస్తుంది, గట్టిదనం కూడా రాదు. కరిగించిన సయనైడ్ లవణంలో గట్టిపరిస్తే పులి చారల్లా వస్తుంది. ఈ చారలు కొన్ని అమెరికన్ కంపెనీల తుపాకుల మీద అసలువే, వాళ్లు ఆ పద్ధతే వాడారు. లండన్ తుపాకీ మీద పులి చారలుంటే మాత్రం ఎవరో తర్వాత చేయించిన పని.

రెండో సాక్ష్యం అరుగుదల. దీనికి తుపాకీ కూడా అక్కర్లేదు, అమ్మమ్మల ఇత్తడి బిందె చాలు. పెళ్లికి పుట్టింటివాళ్లు పేరు చెక్కించి ఇచ్చిన బిందెని తీసి చూడండి. నలభై ఏళ్లు చింతపండుతో తోమితే అక్షరాల అంచులు గుండ్రబడి, వేలికి మెత్తగా తగులుతాయి. బిందె పొట్ట మీద, చంకలో ఒరుసుకున్న చోట, అక్షరం దాదాపు పోయి ఉంటుంది. మెడ కింద వంపులో, చెయ్యి దూరని చోట, చెక్కిన రోజులాగే ఉంటుంది. అదే బిందె మీద మొన్న చెక్కించిన పేరు వేలికి గీరుకుంటుంది. ఏది పాతదో కళ్లు మూసుకునైనా చెప్పొచ్చు.

తుపాకీ కూడా అంతే. వేటలో మనిషి దాన్ని విరిచి, అంటే గొట్టాలు కిందికి వంచి తెరిచి, ముంజేతి మీద వేసుకుని తిరుగుతాడు, లేదా యాక్షన్ అడుగున చెయ్యి వేసి మోస్తాడు. అందుకే అడుగు భాగం, ట్రిగ్గర్ గార్డ్ వంపు, తుపాకీ విరిచే మీట మీద బొటనవేలు ఆనే చోటు ముందుగా అరుగుతాయి. గొట్టాల వెనక రెండు బుడిపెల్లా ఉబ్బి ఉండే ఫెన్సుల వెనక సందు, మీట కింద నీడ, గార్డ్ మొదట్లోని మూల, ఇవి చివరిదాకా నిలుస్తాయి. నగిషీలో కూడా ముందు పోయేది పూరేకుల మీది సన్నటి నీడగీతలు, ఎందుకంటే అవి చాలా పైపైన గీసినవి. తీగ అంచుగీతలు లోతైనవి కాబట్టి నిలుస్తాయి. కాబట్టి సహజంగా అరిగిన తుపాకీలో అడుగున నీడగీతలు పోయి, ఫెన్సుల వెనక మిగిలి ఉంటాయి. అన్ని చోట్లా ఒకే తీరుగా పోతే మోటారు చక్రం మీద పెట్టి పాలిష్ చేశారు. అన్ని చోట్లా ఒకే తీరుగా పదునుగా ఉంటే మళ్లీ చెక్కారు, లేదంటే ఆ తుపాకీ పెట్టె దాటి బయటికే రాలేదు.

ఆ చివరిది నిజమో కాదో చెక్క చెబుతుంది. చేతి పట్టు కోసం చెక్క మీద గళ్లు గళ్లుగా కోసి ఉంటారు. ఆ గళ్ల మొనలు చదునైపోయి, మధ్యలో మురికి నిండి ఉండి, పక్కనే ఉక్కు మీద నగిషీ సూది మొనల్లా మెరుస్తోందంటే ఆ రెండూ ఒకే జీవితం గడపలేదు. ఒకే చేతిలో వందేళ్లున్న చెక్కా ఉక్కూ కలిసి ముసలివవుతాయి.

చెక్కకీ ఉక్కుకీ మధ్య అంచు మీద గోరు పెట్టి లాగి చూడటం నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష. మంచి కంపెనీ తుపాకీలో రెండూ సమంగా ఉంటాయి, లేదా చెక్క వెంట్రుకవాసి పైకి ఉంటుంది. ఉక్కుని పాలిష్ చేస్తే అది కిందికి దిగిపోయి, గోరు చెక్క అంచుకి తట్టుకుంటుంది. చెక్కని సానపడితే ఉక్కు అంచు పైకి లేచి తగులుతుంది. ఉక్కుని కాల్చి మళ్లీ గట్టిపరిస్తే ఒక్కోసారి వంగుతుంది, అప్పుడు పలక చెక్కలో సరిగా కూర్చోదు, ఒక కొసన సందు కనిపిస్తుంది. ఈ వంగడం చూపుకి మాత్రమే సంబంధించింది కాదు. యాక్షన్ అంటే గుండు పేలినప్పుడు పుట్టే ఒత్తిడిని ఆపే గోడ. దాన్ని తెలిసీ తెలియకుండా మెత్తబరిచి వదిలేసిన తుపాకీ కాల్చేవాడి ముఖానికి ప్రమాదం. అందుకే నకిలీ నగిషీ గురించి నేను గట్టిగా మాట్లాడతాను, డబ్బు నష్టం రెండో విషయం.

ఇక మరలు. పాత లండన్, బర్మింగ్‌హామ్ పనిలో మర తల మీది గాడి గొట్టానికి సమాంతరంగా, నిలువుగా వచ్చి ఆగుతుంది. అది అలవాటుగా పాటించిన శ్రద్ధ. మర బిగించి ఉండగానే నగిషీ చెక్కారు కాబట్టి పలక మీది తీగ మర తల మీదుగా తెగకుండా వెళుతుంది. ఇప్పుడు మీ చేతిలోని తుపాకీలో తీగ మర దగ్గరికి వచ్చి పక్కకి జరిగిందా? మర మీద పువ్వు పలక మీది తీగకి అతకడం లేదా? ఆ మర మార్చారు, లేదా పలక మీద మళ్లీ చెక్కారు. మర చుట్టూ ఉక్కు పళ్లెంలా కొద్దిగా గుంటపడి ఉంటే పాలిష్ చక్రం అక్కడ లోపలికి తిన్నది. గాడి అంచులు చితికి ఉంటే సరిపడని స్క్రూడ్రైవర్‌తో ఎవరో విప్పారు, విప్పినవాళ్లు ఊరికే విప్పి ఉండరు. ఆ మరల గాడులు చాలా సన్నం. కొలత ప్రకారం అరగదీసిన స్క్రూడ్రైవర్ లేకుండా మీరు మాత్రం ముట్టుకోకండి.

కొన్ని నగిషీలు లూప్ లేకుండానే పట్టుబడతాయి, వాటి కాలమే తప్పు కాబట్టి. 19వ శతాబ్దం చివర్లో లండన్ కంపెనీ పర్డీ తుపాకుల మీద చిన్న గులాబీలు, ఒత్తుగా అల్లిన సన్నటి తీగలు ఉండేవి. మరో లండన్ కంపెనీ హాలండ్ అండ్ హాలండ్ వాళ్ల రాయల్ రకం మీద లావుపాటి ఆకులు, గట్టిగా పైకి తేలే తీగలు. అదే కాలపు తుపాకీ మీద ఫొటో లాంటి పులి, దాని ఒంటి మీద వెంట్రుక వెంట్రుకా లక్షల సన్న గీతలతో చెక్కి ఉంటే? ఆ పద్ధతి పేరు బులీనో, ఇటలీలో బ్రెషా దగ్గరి తుపాకుల లోయలో, గార్దోనె చుట్టుపక్కల, 20వ శతాబ్దం రెండో సగంలో ఫిర్మో ఫ్రకాస్సి లాంటివాళ్ల చేతుల్లో వికసించింది. 1900 నాటి తుపాకీ మీద అది ఉండే వీలు లేదు. పేర్లూ చిరునామాలూ ఇలాగే పట్టిస్తాయి. హాలండ్ కంపెనీ పేరులో రెండో హాలండ్ చేరింది 1876లో. అంతకుముందు నాటిదని చెప్పే తుపాకీ పలక మీద "హాలండ్ అండ్ హాలండ్" అని ఉంటే తర్వాత చెక్కిన అక్షరాలే.

బంగారం దగ్గర మన కళ్లు త్వరగా మోసపోతాయి. అసలైన పొదుగుడులో ఉక్కులో అంచులు లోపలికి విశాలమయ్యేలా గుంట తవ్వి, బంగారు తీగని అందులో సుత్తితో దిగ్గొడతారు. అది పైకి రాదు. చవక పనిలో పైన పూత పూస్తారు, మన వన్ గ్రామ్ గోల్డ్ నగల్లాగే. అంచుల్లో అరిగి కింది లోహం బయటపడితే పూత. గుంట కనిపించి అందులో తీగ ఊడిపోయి ఉంటే పొదుగుడు. పైకి ఉబ్బిన బంగారు కుక్కలు, బాతులు ఉన్న పాత అమెరికన్ తుపాకీ కనిపిస్తే ముందు అనుమానించడమే మంచిది. కంపెనీల నుంచి అలా బయటికి వచ్చినవి చాలా తక్కువ, తర్వాత చేయించినవి చాలా ఎక్కువ.

మన దేశానికి సంబంధించిన చిక్కు కూడా ఇక్కడే ఉంది. అప్పటి పంజాబ్‌లోని (ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న) సియాల్‌కోట్, గుజరాత్ పట్టణాల్లో, రాజస్థాన్‌లో కోఫ్త్‌గరీ పనివాళ్లుండేవారు. వాళ్లు గుంట తవ్వరు. ఉక్కుని వల గీసినట్టు సన్నటి అడ్డగీతలతో గరుకు చేసి, దాని మీద బంగారు తీగని ఒత్తి అంటిస్తారు. బంగారం అరిగినచోట ఆ గళ్ల గీతలు బయటపడతాయి. మన బిద్రీ పనిలో వెండిని గాడిలోనే దిగ్గొడతారు, కాబట్టి బిద్రీ చూసిన కంటికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో తయారైన తుపాకీ మీద కోఫ్త్‌గరీ ఉంటే అది ఇక్కడ చేరిన పని అయ్యే అవకాశమే ఎక్కువ. దాన్ని నకిలీ అనడం నాకు ఇష్టం లేదు. ఏ జమీందారో దాన్ని తనదిగా చేసుకున్న గుర్తు అది. అలాగని అమ్మేటప్పుడు "కంపెనీ పని" అంటే మాత్రం అబద్ధం.

అమెరికాలో ఈ వివాదం ఎక్కువగా పార్కర్ తుపాకుల చుట్టూ తిరుగుతుంది. కనెటికట్ రాష్ట్రంలోని మెరిడెన్‌లో 1866లో మొదలైన ఆ కంపెనీని 1934లో రెమింగ్టన్ కొంది. 1942 దాకా సుమారు 2,42,000 తుపాకులు తయారయ్యాయి. ఆ తుపాకులకి గ్రేడ్లుండేవి. వీహెచ్ మీద నగిషీ నామమాత్రం, డీహెచ్ మీద కుక్కలూ పిట్టలూ, ఆపైన ఏహెచ్ దాకా వెళ్లేకొద్దీ ఒత్తుగా. గ్రేడ్‌ని బట్టి గొట్టాల ఉక్కు పేరు కూడా మారేది. వీహెచ్‌కి వల్కన్, డీహెచ్‌కి టైటానిక్, సీహెచ్‌కి ఆక్మే, గొట్టాల మధ్య పట్టీ మీద ఆ పేరు చెక్కేవారు. యాక్షన్ మీద గొట్టాలు కూర్చునే చదునులో గ్రేడ్ గుర్తు కూడా గుద్దేవారు. వీహెచ్‌ని డీహెచ్‌గా మార్చాలనుకున్నవాడు పక్కలు చెక్కించినా, పట్టీ మీద వల్కన్ అలాగే మిగిలిపోవచ్చు. దాన్నీ చెరిపితే ఆ చోట పట్టీ మీది సన్న గరుకు పోయి నునుపు తేలుతుంది. చదునులోని గుర్తుని మారిస్తే దాని చుట్టూ ఉన్న రంగు చెదురుతుంది. ఒక అబద్ధం నిలబడాలంటే నాలుగు చోట్ల నాలుగు అబద్ధాలు చెప్పాలి, అందరూ అంత ఓపికగా చెప్పరు.

ఆ చదును భాగమే ప్రపంచంలో ఏ డబుల్ బ్యారెల్‌కైనా జాతకం. తుపాకీని విరిచి, గొట్టాలు విడదీసి, అడుగున చూడండి. ఇంగ్లండ్ తుపాకీ అయితే ప్రూఫ్ హౌస్ ముద్రలుంటాయి. ఎక్కువ మందుగుండుతో పేల్చి పరీక్షించి, తట్టుకుంటేనే ముద్ర వేసేవారు. లండన్‌లో గన్‌మేకర్స్ కంపెనీకి 1637లో రాజశాసనం వచ్చింది, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నాటిది. ముద్రలు కాలాన్ని బట్టి మారాయి. బర్మింగ్‌హామ్‌లో 1904 దాకా కిరీటం కింద అడ్డంగా పెట్టిన రాజదండాలు, ఆ తర్వాత కిరీటం కింద బీపీ, బీవీ అక్షరాలు. "నాట్ ఫర్ బాల్" అని ఉంటే 1875, 1887 మధ్యది. గుడ్డులాంటి వలయంలో ఈఎల్‌జీ అక్షరాలుంటే అది బెల్జియంలోని లియేజ్‌లో పరీక్షించింది. దాని మీద కిరీటం 1893 నుంచి వచ్చింది. పైన ఇంగ్లిష్ పేరు ఎంత అందంగా చెక్కి ఉన్నా ఇక్కడ ఈఎల్‌జీ ఉందంటే అది బెల్జియం తుపాకీ. వెస్ట్లీ రిచర్డ్స్‌లా వినబడేలా "డబ్ల్యూ. రిచర్డ్స్" అని చెక్కిన చవక బెల్జియం తుపాకులు అమెరికాలో కుప్పలుగా అమ్ముడయ్యాయి. ఆ పేరు చెక్కడం అసలుదే, కంపెనీ నుంచి అలాగే వచ్చింది. మోసం మొదటి రోజునే జరిగింది. వరస చూసి ఇలాంటిది పట్టుకోలేం, ముద్రే దిక్కు.

మెలికల గొట్టాల గురించి ఒక్క మాట. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చుట్టిన డమాస్కస్ గొట్టాల మీద అలల్లాంటి రూపం ఉంటుంది. చవక గొట్టాల మీద యాసిడ్‌తో ఆ బొమ్మ మాత్రమే వేసేవారు. గొట్టాల కింది చెక్కని తీసి, ఆ నీడలో చూడండి. అక్కడ అలలు ఆగిపోయి మామూలు ఉక్కు కనిపిస్తే బొమ్మే.

భారతదేశంలో దొరికే ఇంగ్లిష్ తుపాకుల్లో చాలా వాటి మీద తయారీదారు పేరు బదులు కలకత్తా దుకాణాల పేర్లుంటాయి. 1914 ఆగస్టులో బెంగాల్ విప్లవకారులు మౌజర్ పిస్టళ్ల పెట్టెలు ఎత్తుకుపోయిన రోడ్డా కంపెనీ అలాంటి దుకాణమే. ఈ తుపాకులు తయారైంది ఎక్కువగా బర్మింగ్‌హామ్‌లో, దుకాణం పేరు అక్కడే చెక్కి పంపేవారు. కాబట్టి కలకత్తా పేరు కనిపించగానే ఇక్కడ చెక్కించిందేమో అనుకోకూడదు. పేరు అక్షరాల గాడులు కూడా నగిషీ గాడుల్లాగే పాతబడ్డాయా లేదా అన్నదే చూడాలి.

లోహం ఇంత చెప్పాక కాగితం వస్తుంది. లండన్ పెద్ద కంపెనీల దగ్గర పాత లెడ్జర్లున్నాయి, నంబరు పంపితే ఏ ఏడాది, ఎవరికి, ఎలాంటి పనితో ఇచ్చారో చెబుతారు. పార్కర్ పుస్తకాలు చాలావరకు మిగిలాయి, కలెక్టర్ల సంఘం వాటి ఆధారంగా ఉత్తరం ఇస్తుంది. బర్మింగ్‌హామ్ చిన్న కంపెనీల లెక్కలు చాలావరకు పోయాయి. కాగితం ఉన్నచోట కూడా ముందు లోహం చూసి ఒక అభిప్రాయానికి వచ్చాకే ఉత్తరం తెప్పించుకోవడం మేలు. ఉత్తరం చేతిలో ఉంటే మనకి కావాల్సిందే కంటికి కనబడుతుంది. ఇంకో సంగతి, ఉత్తరం ఆ నంబరు తుపాకీ గురించి చెబుతుంది. ఆ నంబరు మీ తుపాకీదేనా అన్నది గొట్టాలు, యాక్షన్, ముందు చెక్క ఇనుము, ట్రిగ్గర్ గార్డ్ తోక, అన్నిటి మీదా ఒకే నంబరు ఉందో లేదో చూసి మీరే తేల్చాలి.

మళ్లీ చెక్కించిన ప్రతిదీ తప్పేనా అంటే, దేశాన్ని బట్టి జవాబు మారుతుంది. ఇంగ్లండ్‌లో తుపాకీని వాడుకునే వస్తువుగానే చూస్తారు. తయారు చేసిన కంపెనీకే పంపి, అరిగిన గీతల మీద మళ్లీ గీయించి, రంగు తెప్పించుకోవడం వాళ్లకి మామూలు. అమెరికన్ కలెక్టరు అదే తుపాకీని చూసి పెదవి విరుస్తాడు. ఆయనకి అరిగినా సరే ముట్టుకోనిది కావాలి. నా మనసు అమెరికన్ వైపే. పాత గీత మీద కొత్త గీత ఎంత నేర్పుగా వేసినా లూప్ కింద రెండు అంచులు కనిపిస్తాయి. మొదటి చెయ్యి వేసిన వంపు ఇక ఎప్పటికీ దొరకదు.

మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. తుపాకీ మీద పేరు, నంబరు, గుర్తింపు ముద్రల్ని చెరపడం, మార్చడం 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ నిషేధిస్తుంది. "మెరుగు పెట్టించడం" పేరుతో చక్రం మీద పెడితే ముందు పలచబడేవి ఆ ముద్రలే. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే ఉండొచ్చు, అంతకుముందు మూడు. తాతల నాటి మూడోదాన్ని ఏం చేయాలో తేలక చాలా ఇళ్లలో టెన్షన్ పడ్డారు. అలా అప్పగించే ముందో, లైసెన్సున్న డీలరుకి ఇచ్చే ముందో కనీసం మంచి వెలుగులో ఫొటోలు తీసి ఉంచుకోండి. పలకలు రెండూ, అడుగు, ఫెన్సుల వెనక సందు, చదునులోని ముద్రలు, ఒక్కో మర తల. కన్ను అలవాటు పడాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. అద్దం అవతలి నుంచి కూడా పొదుగుడుకీ పూతకీ తేడా చూడటం నేర్చుకోవచ్చు.

మా పెదనాన్నగారి తుపాకీ బాక్స్‌లాక్. చదునులో కిరీటం కింద బీపీ, బీవీ ఉన్నాయి, కాబట్టి బర్మింగ్‌హామ్‌ది, 1904 తర్వాతది. నంబరు అన్ని చోట్లా ఒక్కటే. అడుగున నీడగీతలు పోయాయి. ఎడమ పక్క ఒక మర మీద తీగ అతకలేదు, ఆ మర ఎప్పుడో మార్చారు. కుడి ఫెన్సు వెనక సందులో, గుడ్డ పట్టిన వేలు దూరని చోట, బియ్యపు గింజంత మేర నీలం ఉంది. ఆ నీలం పక్క నుంచి ఒక సన్న గీత దిగుతుంది, గీత లోపల కూడా అదే నీలం. అన్నయ్యకి లూప్ ఇచ్చి చూపించాను. చాలాసేపు కన్ను తీయలేదు.

కిందటి దసరాకి పాలిష్ డబ్బా బయటికి తీయలేదు. పొడి గుడ్డతో తుడిచి, ఉక్కుకి ఒక్క చుక్క నూనె రాసి, బొట్టు చెక్క మీద పెట్టారు.